పెన్న ముంచిన ఫియట్టు

మా ఇంట్లో ఉన్నది 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఇందుకూరుపేట మండలంలో, పెన్న కట్టకూ మైపాడు సముద్రానికీ మధ్య ఉన్న మా ఊళ్ళో అందరికీ అది డాక్టరు గారి ఫియట్టు. 2021 నవంబరు వరదలో అది మునిగిపోయింది. మళ్ళీ రోడ్డెక్కేసరికి మూడేళ్ళు దాటింది. ఆ మూడేళ్ళలో నన్ను కలిసిన ప్రతి ఒక్కరూ ఒకటే అడిగారు: ఇంత డబ్బు, ఇంత అవస్థ ఎందుకు, దీనికి బదులు మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది కదా అని. అప్పట్లో ఎవరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తే జవాబు అందులోనే దొరుకుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

నాయన ఆర్‌ఎంపీ. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే డాక్టరు. నెల్లూరులో ఒక రైసుమిల్లు యజమాని మారుతి కొనుక్కుని తన ఫియట్టును అమ్మకానికి పెడితే 1988లో నాయన కొన్నారు. అప్పటిదాకా సైకిలు, తర్వాత లూనా. ఆ కారు కొన్నది షికారుకు కాదు. పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను, పాము కరిచిన కూలీలను వెనక సీట్లో పడుకోబెట్టి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు దారిలో పడిన తాడిచెట్లను నరికించుకుంటూ పోయారట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన పొద్దున జాలర్ల పట్టపుపాలేల నుంచి జనాన్ని ఎక్కించుకుని తిరిగింది నేను చూశాను. ముందు సీటు బల్లలాగా ఒకటే పరుపు, గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉంటుంది కాబట్టి ముందర ముగ్గురు కూర్చోవచ్చు. వెనక ఎంతమంది పడితే అంతమంది. మా ఊళ్ళో నడివయసు దాటిన వాళ్ళలో ఆ కారు ఎక్కని మనిషిని వెతకాలి. అక్కడే, నెల్లూరు దారిలో, ఆ వెనక సీట్లోనే పుట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

2016లో నాయన పోయారు. నేను హైస్కూలు టీచరును. వారానికోసారి కవరు తీసి, స్టార్టు చేసి, మైపాడు రోడ్డు మీద కొంచెం దూరం తిప్పి తెచ్చేవాణ్ణి. అంతకు మించి దాంతో పనిలేదు.

2021 నవంబరులో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. మా దగ్గర వాన మామూలే. అసలు వాన కడప జిల్లాలో కురిసింది. 19వ తేదీన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ పెన్నలోకి, పెన్న నుంచి సోమశిల డ్యాముకు. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. మా వయసు వాళ్ళం ఎవరం అంత నీటిని పెన్నలో చూడలేదు. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైళ్ళు ఆగిపోయాయి. మేము నది చివర ఉన్నవాళ్ళం. పై నుంచి వచ్చే నీళ్ళకు ఇక్కడ సముద్రంలోకి దారి దొరకాలి, పోటు మీద ఉన్న సముద్రం వాటిని తొందరగా తీసుకోదు.

కరెంటు పోయిన రాత్రి అది. కట్ట మీద నుంచి మనుషులు అరుచుకుంటూ వచ్చారు. అమ్మను ట్రాక్టరు మీద ఎక్కించి స్కూలు మేడ మీదికి చేర్చాం. బియ్యం, అమ్మ మందులు, నాయన ఫొటో, ఇంటి కాయితాల ట్రంకు పెట్టె: ఇంతే తేగలిగాం. బర్రెల తాళ్ళు కోసి వదిలేశాం. షెడ్డు ఇంటికన్నా పల్లంలో ఉంది. నేను చివరిసారి టార్చి వేసి చూసేసరికి బంపరు నీళ్ళలో ఉంది. తోయడానికి మనిషి లేడు, తోసుకుపోవడానికి మెరక లేదు.

నీళ్ళు తగ్గాక ఇంటికి వచ్చి చూస్తే గోడల మీద నిలువెత్తున మడ్డి గీత. ఫియట్టు ఇంజను మూత మీద చెరుకాకు, వడ్లు, చచ్చిన చేపలు. తలుపు తెరవగానే ఒండ్రు జారి కాళ్ళ మీద పడింది. సీటు కింద నుంచి నీటిపాము పోయింది. డిప్‌స్టిక్కు తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన టీ లాగా ఉంది. అంటే నీళ్ళు ఇంజను లోపలికి పోయాయి.

నష్టం రాసుకోవడానికి వచ్చిన వాళ్ళు ఇల్లు, పంట, గొడ్లు రాసుకున్నారు. కారుకు వాళ్ళ కాయితంలో గడి లేదు, అది న్యాయమే. పక్కింటి వాళ్ళకు తినడానికి గింజ మిగలని రోజుల్లో నేను కారు గురించి నోరెత్తలేదు. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ మాత్రమే. అంత పాత బండికి మామూలుగా అంతకు మించి ఇవ్వరు, వరద నష్టం అందులో రాదు. తర్వాత పాత ఇనుము కొనే అతను వచ్చాడు. చుట్టూ తిరిగి, తూకానికి కిలో ఇంత అని చెప్పాడు. అమ్మ వసారాలో కూర్చుని వింటోంది. "ఆ బండిలో ఎంతమంది ప్రాణాలు పోసుకున్నారో నీకు తెలుసునా నాయనా? నువ్వు పో" అంది. అతను పోయాడు. ఆ సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒక షాపు వాళ్ళు చేస్తామన్నారు. పేరు రాయను. ట్రాక్టరుతో లాక్కుపోయి ఇచ్చాను. ఒండ్రు కడిగి, ప్లగ్గులు విప్పకుండా, గేరులో వేసి తాడు కట్టి లాగి స్టార్టు చేయాలని చూశారట. సిలిండర్లలో నీళ్ళున్నప్పుడు పిస్టను పైకి వస్తే నీళ్ళు నలగవు, వంగేది కనెక్టింగు రాడ్డే. వంగింది. ఆ మాట నాకు చెప్పలేదు. నెలల తరబడి ఎండలో పెట్టి, అడిగినప్పుడల్లా సామాను రావాలన్నారు. చివరికి తలుపుల కింద తుప్పు పట్టిన చోటల్లా లప్పం పెట్టి, పైన నిగనిగలాడే రంగు కొట్టి చూపించారు. వేలితో నొక్కితే లప్పం లోపలికి పోయింది. ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు. పోట్లాడే ఓపిక లేక బండిని ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఆ కారు ఏమిటో, ఎందుకు అంత పట్టుదల అని అడిగేవాళ్ళ కోసం దాని కథ కొంత చెప్పాలి. పుట్టింది ఇటలీలోని ట్యూరిన్‌లో. ఫియట్ కంపెనీలో దాంతే జకోజా అనే ఇంజనీరు ఉండేవాడు, యుద్ధం తర్వాత ఇటలీలో మామూలు సంసారులు ఎక్కిన చిన్నకార్లు చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చినవే. 1953లో ఆయన తెచ్చిన 1100 మోడలు కారుకు విడిగా చాసిస్ లేదు. జీపుకు, లారీకి ఉన్నట్టు కింద ఇనప దూలాలు ఉండి పైన బాడీ బిగించడం కాదు. నేల, తలుపుల కింద పెట్టెలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకటే గుల్ల, ఆ గుల్లే బరువు మోస్తుంది. అందుకే బండి తేలిక, అందుకే 1089 సీసీల చిన్న ఇంజనుతో ఐదుగురిని మోసుకుపోగలదు. 1962 నాటి 1100డి రూపం 1964 నుంచి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీలో తయారైంది. 1974 నుంచి పద్మిని. ఇటలీలో ఆ మోడలు ఆగిపోయిన తర్వాత మన దేశంలో మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. ప్రీమియర్ కంపెనీ పెట్టిన వాల్‌చంద్ హీరాచందే 1941లో విశాఖపట్నంలో ఓడల ఫ్యాక్టరీకి పునాది వేయించాడు. మన తీరంలో ఓడలు కట్టించిన మనిషి కంపెనీ కారు మా తీరంలో ముప్ఫై ఏళ్ళకు పైగా తిరిగింది, ఆ మాట తలుచుకుంటే నాకు సంతోషం.

ఆ రోజుల్లో అది కొనడం అంటే డబ్బుండడం ఒక్కటే కాదు, బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూడడం. లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధానిగా ఉండి కూడా 1964లో ఫియట్టు కొనడానికి పన్నెండు వేలలో ఐదు వేలు బ్యాంకు అప్పు తీసుకున్నారు. ఆయన పోయాక ఆ అప్పు ఆయన భార్య తన పెన్షనులోంచి తీర్చారు. నాయన ఈ సంగతి అందరికీ చెప్పేవారు.

నన్ను పట్టుకున్నది పేరు కాదు, చరిత్ర కాదు. ఆ బండిలో మనిషి చేతికి అందని భాగం లేదు. మూత ఎత్తితే ఇంజను చుట్టూ చెయ్యి తిరుగుతుంది. పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుందో, గాలి ఎక్కడ కలుస్తుందో, నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో కంటితో చూడొచ్చు. నాకు పదో తరగతిలో నాలుగు స్ట్రోకుల ఇంజను అర్థమైంది పుస్తకంలో కాదు, నాయన టాపెట్లు సరిచేస్తుంటే టార్చి పట్టుకుని నిలబడినప్పుడు. ఇవాళ్టి కార్లలో ఏదైనా చెడితే లాప్‌టాప్ తగిలించి కోడు చదివి, ఆ డబ్బా మొత్తం మార్చేస్తారు. అవి మంచి కార్లు కావని నేననను. వాటిలో ప్రాణరక్షణ ఎక్కువ, పొగ తక్కువ. కానీ వాటిని బాగుచేయడం ఒక మనిషి నేర్చుకుని ఇంకో మనిషికి నేర్పగల పని కాకుండా పోతోంది.

మెకానిక్కు సాయిబు గారి గురించి నాకు చెప్పింది మా స్కూలు అటెండరు. నెల్లూరు ఆటోనగర్‌లో ఒకప్పుడు షెడ్డు ఉండేది, ఇప్పుడు ఇంటి ముందర రేకుల పందిరి కింద పని చేస్తున్నాడు. డెబ్బై దాటినవాడు. ఫియట్టు తప్ప ఇంకో బండి ముట్టుకోనన్నాడు. మా ఊరికి వచ్చి, నేల మీద పడుకుని, టార్చితో కింద అంతా చూసి లేచాడు.

"అబ్బయ్యా, ఇంజనుకు సావు లేదు. ఎన్నిసార్లయినా లేపొచ్చు. బాడీకే సావు. ఉప్పుగాలి తినేసిందో లేదో రంగు గీకితే గానీ చెప్పలేను" అన్నాడు.

"గీకండి భాయ్" అన్నాను.

"గీకినాక ఏడవగూడదు మళ్ళా."

గీకాం. ఆయన చెప్పిందే నిజం. సముద్రం పక్క బండ్లకు తుప్పు పైన కనపడదు. తలుపుల కింద మూసిన పెట్టెల్లో తేమ చేరుతుంది, గాల్లోని ఉప్పు దాన్ని ఎండనివ్వదు, లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. దానికి తోడు వరద ఒండ్రు ఆ పెట్టెల్లో గడ్డకట్టి కూర్చుంది. సుత్తితో కొడితే ఎర్రటి రేకులు రాలాయి. డ్రైవరు కాళ్ళ కింద నేల లేదు, కార్పెట్టే ఆపుతోంది. విడి చాసిస్ ఉన్న బండి అయితే బాడీ మార్చుకోవచ్చు. ఇందులో నేలే చాసిస్. నేల పోతే అంతా పోయినట్టే.

ముందు ఇంజను. దాని దిమ్మ పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. ఈ రెండు లోహాల మధ్య ఉప్పునీళ్ళు చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా కుళ్ళుతుంది. ఆ పొడి ఉబ్బి హెడ్డును స్టడ్లకు బిగించేస్తుంది. నట్లన్నీ విప్పినా హెడ్డు కదలలేదు. పక్కన స్క్రూడ్రైవరు దోపి లేపితే వచ్చేస్తుంది గదా అని ఎవరో అన్నారు. సాయిబు గారు వాళ్ళ వంక చూసిన చూపు నాకు గుర్తుంది. ఒక్కో స్టడ్డు చుట్టూ కిరసనాయిలు, డీజిలు కలిపి చుక్కలు చుక్కలుగా పోస్తూ, పొద్దునా సాయంత్రం టేకు చెక్క అడ్డం పెట్టి చుట్టూ తట్టేవాడు. గట్టిగా కాదు, చెవి దగ్గర పెట్టుకుని వింటూ. "మోత మారతాది, అప్పుడొస్తాది" అనేవాడు. సెలవు రోజుల్లో పోయి నేనూ తట్టాను. నాకు ఏ మోతా తేడా తెలిసేది కాదు. ఒకరోజు ఆయన చెయ్యి ఆపి, "ఇప్పుడు విను" అన్నాడు. నిజంగానే మారింది. గల్లుమనే చప్పుడు పోయి బొద్దుగా వచ్చింది. ఇద్దరం రెండు వైపులా పట్టుకుని ఎత్తితే వచ్చేసింది. కింద నీటిదారుల అంచులు ఎలుకలు కొరికినట్టు పోయాయి. వాటిని ఆర్గాన్ వెల్డింగుతో నింపించి, మళ్ళీ చదును చేయించాం. సిలిండర్ల బోరు అప్పటికే ఆఖరి సైజుకు పోయింది. స్లీవులు దిగ్గొట్టించి, మళ్ళీ 68 మిల్లీమీటర్ల మొదటి కొలతకు తెచ్చాం. వంగిన రాడ్డును తీసి నా చేతిలో పెట్టి, ఇది పెన్న చేసిన పని కాదబ్బయ్యా, మనిషి చేసిన పని అన్నాడు.

సామాను కోసం మద్రాసు పోయేవాణ్ణి. ఎగ్మోరు దగ్గర పుదుపేటలో పాత బండ్ల భాగాలు కుప్పలుగా అమ్మే వీధులున్నాయి. అక్కడ వాళ్ళకు పేరు చెప్పనక్కర్లేదు, చేతిలో పాత ముక్క చూపిస్తే చాలు. కింగ్ పిన్నులు, బ్రేకు వీల్ సిలిండర్లు, సోలెక్స్ కార్బురేటరు అక్కడే దొరికాయి. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు దొరకలేదు. దొరికినవన్నీ ఏళ్ళ తరబడి అరలో ఉండి బిరుసెక్కినవి. సాయిబు గారి పాత గిరాకీ ఒకాయన కర్నూలు నుంచి పంపించాడు, డబ్బు తీసుకోలేదు. నా బండి పోయింది, ఇదన్నా ఉపయోగపడనీ అన్నాడు. 2023 అక్టోబరులో ముంబై రోడ్ల మీద పద్మిని టాక్సీల గడువు అయిపోయింది. ఆ టాక్సీల కోసమే ఎవరో ఒకరు ఈ భాగాలు ఇంకా పోత పోస్తూ వచ్చారని, ఇకమీదట ఎవరు పోస్తారని సాయిబు గారి దిగులు.

అంతకు ముందే ఇంట్లో దెబ్బ తగిలింది. అమ్మ బావి దగ్గర జారి పడింది, తుంటి విరిగింది. ఆపరేషను చేయించాం. కారు కోసం దాచిందంతా దానికే పోయింది, ఇంకా అప్పు అయింది. బండి అప్పటికి పూర్తిగా విప్పేసి ఉంది. ఇంజను సాయిబు గారి పందిట్లో, తలుపులు మా వసారాలో, గుల్ల షెడ్డులో దిమ్మెల మీద. డబ్బు లేక పని ఆగిపోయింది. మా ఇంటావిడ అంతవరకు ఒక్క మాట అనలేదు. ఆ నెలల్లో ఒకరోజు, వసారాలో తలుపులకు తగిలి అమ్మ చేతికర్ర జారినప్పుడు, "ఇవి బయట పెడతారా, నన్ను బయటికి పొమ్మంటారా" అంది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. తలుపులు స్కూలు స్టోరు గదిలోకి మార్చాను. రాత్రులు నిద్ర పట్టేది కాదు. అమ్మేద్దామన్నా కొనేవాడు లేడు, చేయించడానికి చేతిలో పైసా లేదు. అమ్మ మంచం మీద నుంచి రోజూ అడిగేది, బండి ఎందాకా వచ్చిందిరా అని. వస్తోందమ్మా అనేవాణ్ణి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ మా నెల్లూరు తీరం పక్కనే నడుచుకుంటూ పోయింది, అందుకే మా మీద వాన, గాలి ఆగలేదు. అంతకు కొద్ది రోజుల ముందే నేను చీటీ పాడి, ఆ డబ్బుతో టింకరు మేస్త్రిని పిలిపించి గుల్ల మీద రంగంతా గీకించి, ఇనుము తెల్లగా తేలేదాకా రుద్దించాను. రెడ్ ఆక్సైడు కొట్టకముందే వాన పట్టుకుంది. మూడో తేదీ రాత్రి షెడ్డు రేకులు లేచిపోయాయి. నేను, మావాడు, పక్కింటి ఇద్దరు కుర్రాళ్ళు ఆ గాలిలో టార్పాలిను పట్టుకుని నిలబడ్డాం. కడితే తాళ్ళు తెగుతున్నాయి. మా కింద నీళ్ళు పెరుగుతుంటే, గుల్లను నలుగురం ఎత్తి కొంచెం కొంచెంగా ఇటుకలు దోపి పైకి లేపాం. ఒట్టి గుల్ల కాబట్టి లేచింది. మావాడి అరచేయి రేకుకు కోసుకుని కుట్లు పడ్డాయి. తెల్లారి చూస్తే నీళ్ళు అందలేదు గానీ, తెల్లగా రుద్దిన ఇనుమంతా నారింజ రంగు తిరిగింది. ఒక్క రాత్రిలో. ఉప్పుగాలి అంటే ఏమిటో అప్పటిదాకా విన్నాను, ఆ రోజు కళ్ళతో చూశాను. వాకిట్లో కూర్చుండిపోయాను. ఆ ఒక్కరోజు మాత్రం ఇక వద్దనుకున్నాను, నిజంగా.

మధ్యాహ్నం టింకరు మేస్త్రి బురదలో నడుచుకుంటూ వచ్చాడు. వేలితో గీకి, ఇది పైతుప్పు సార్, లోపలికి పోలేదు, ఒక్కరోజు పని అన్నాడు. పాతిక కిలోమీటర్ల దూరం నుంచి ఆ వానలో కేవలం ఆ మాట చెప్పడానికి వచ్చాడు. దాంతో మళ్ళీ మొదలుపెట్టాం.

నేల కోసేముందు ఆయన తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనప పైపులు వెల్డు చేశాడు. అలా కట్టకుండా నేల కోస్తే గుల్ల కుంగిపోతుంది, తర్వాత తలుపు పట్టదు. కొత్త రేకును ఇసక సంచి మీద పెట్టి కర్ర సుత్తితో కొట్టి, పాత నేలలో ఉన్న గాడులన్నీ తెప్పించాడు. అచ్చు లేదు, కొలత కాయితం లేదు. కుళ్ళిపోయిన పాత ముక్కే ఆయన ముందర నమూనా. పెట్టెలు మూసేముందు లోపల పూత పూసి, కింద నీళ్ళు కారడానికి బెజ్జాలు వదిలాడు. ట్యూరిన్ ఇంజనీరు కాయితం మీద గీసిన గీతను, ఎనిమిదో తరగతితో బడి మానేసిన మా కోవూరు మేస్త్రి కర్ర సుత్తితో తిరిగి గీశాడు. ఈ పాత ఇటలీ బండిలో అందం ఎక్కడుందని నన్నడిగితే నేను చూపించేది ఇదే. పైన క్రోమ్ కాదు, దీపాలు కాదు, ఆ నేల. ఇప్పుడు దాని మీద కార్పెట్టు ఉంది, ఎవరికీ కనపడదు.

కాయితాల పని ఇంకో పర్వం. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము ఆరు వందల నుంచి ఐదు వేలైంది. మాది పొడిగించుకున్నాక, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు పది వేలు చేశారు. యాభై ఏళ్ళు దాటితే వింటేజ్ బండిగా వేరే రిజిస్ట్రేషను ఉంది. మాది అటు వింటేజ్ కాదు, ఇటు మామూలు కారు కింద ఆదరణ లేదు. దేశంలో మిగిలిన పద్మినీలు చాలావరకు ఈ నడిమధ్యలోనే ఉన్నాయి. వీటికంటూ ఒక దారి ప్రభుత్వం ఆలోచించాలని నా మనవి. పొగ పరీక్ష పెట్టండి, బ్రేకు పరీక్ష కఠినంగా చేయండి, అందులో నెగ్గిన బండిని మాత్రం బతకనివ్వండి.

2025 మొదట్లో స్టార్టు చేశాం. పెట్రోలులో ఇప్పుడు ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరును తింటుంది కాబట్టి గొట్టాలన్నీ కొత్తవి వేశాడు సాయిబు గారు. మొదట పొగ, తర్వాత దగ్గు, తర్వాత నిలకడగా పట్టుకుంది. ఆయన టాపెట్ల చప్పుడు కాసేపు విని, ఒకటి బిగించి, చేతులు తుడుచుకున్నాడు. అమ్మను వాకర్ మీద తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాం. మైపాడు దాకా పోయి వచ్చాం. దారిలో ఒక నడివయసు ఆమె బండి ఆపి, నేను దీంట్లోనే పుట్టానంట, మా అమ్మ చెప్పేది అని, తలుపు మీద చెయ్యి వేసి చూసుకుంది. మా ఇంటావిడ వెనక సీట్లో ఉంది. ఇంటికొచ్చాక, తలుపులు బయట పెట్టమన్నందుకు ఏమనుకోవద్దు అంది. అనుకోవడానికి ఏముంది?

ఖర్చు చెప్పమంటే చెప్పగలను, కానీ బండి విలువ అందులో సగం కూడా చేయదు. లాభానికి చేసే పని కాదిది. తీరం పక్కన ఉన్నవాళ్ళు పాత ఫియట్టు కొనాలనుకుంటే రంగు చూసి కొనకండి. కింద పడుకుని తలుపుల కింది పెట్టెలు తట్టి చూడండి. వరద నీళ్ళు తాకిన బండిని లాగి స్టార్టు చేయనివ్వకండి, ముందు బ్యాటరీ తీసి, ప్లగ్గులు విప్పించి, ఆయిలు దింపించండి.

సాయిబు గారి దగ్గర పనివాళ్ళు లేరు. ఆయన కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. మా స్కూల్లో చదివి ఐటీఐ చేసిన ఒక కుర్రాణ్ణి ఈ మధ్య ఆయన దగ్గర చేర్చాను. మీ షెడ్డుల్లో, దొడ్లలో పాత ఫియట్టు ఉండి దాన్ని తూకానికి వేయాలనుకుంటే, ముందు ఒక్కమాట మీ ఊరి పాత మెకానిక్కుతో చెప్పండి. బండి పనికిరాకపోయినా దాని హెడ్డు, గేరుపెట్టె, అద్దం రబ్బరు ఇంకో బండికి కావాలి. కర్నూలు ఆయన ఆ రబ్బరును పారేసి ఉంటే మా బండికి ముందు అద్దం నిలిచేది కాదు.